కథకన్నా వెడల్పైన నది

చెప్పిన కథ మళ్ళీ చెప్పడం నాకు చేతకాదు. సోఫాలు విప్పి కుట్టే పనిలో జుట్టంతా నెరిసింది. ఈ వీధిలో సగంమంది నా మేకుల మీదే కూర్చుని టీలు తాగుతారు. కానీ ఒకరికి చెప్పిన కథ ఇంకొకరికి చెప్పిన పాపాన పోలేదు. ఎవరి కథ వాళ్ళ కొలతలకి కత్తిరించి ఇచ్చాను. నా దగ్గర పాత సరుకు దొరకదు. కావాలంటే ఈ ముక్క ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

మొన్నటి వానాకాలం మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. ఇల్లంటే పెద్దగా ఏం లేదు. ముందుగది నా దుకాణం. పొట్టలు తెరుచుకున్న సోఫాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. వెనకగదిలో మా ఆవిడ కుట్టుమిషను. నేను విప్పినవాటికి తను గలీబులు కుడుతుంది. రెండు గదుల మధ్య గుమ్మం పక్కన కంప్యూటరు. అది మా అమ్మాయిది. దానికి కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే ఉద్యోగం. కొన్నేళ్ళ కిందట నేను నిచ్చెన మీంచి పడి, కాలికి కట్టుతో కుర్చీలో కూర్చుని ఇంట్లోవాళ్ళని కాల్చుకు తింటుంటే, నా నోరు ఎటైనా మళ్ళించాలని దాంట్లో ఒక ఆట పెట్టి ఇచ్చింది.

అది ఒక్కడే కూర్చుని ఆడుకునే ఆట కాదు. ఎక్కడెక్కడివాళ్ళో వేలమంది ఒకే లోకంలోకి దిగుతారు. తలో వేషం వేసుకుని, మైకులో మాట్లాడుకుంటూ రాక్షసుల మీదికి పోతారు. నేనూ ఒక కత్తి పట్టుకుని బయల్దేరాను గానీ మొదట ఎదురైన నక్కే నన్ను చంపేసింది. మళ్ళీ ప్రాణం వచ్చి చూసుకుంటే ఒక నది ఒడ్డున ఉన్నాను. ఎవరూ పట్టించుకోని పడవ ఒకటి అక్కడ కట్టేసి ఉంది. ఇనప చొక్కాలు తొడుక్కున్న వీరులు ఈదలేక కొండ చుట్టి నడిచిపోతున్నారు. రండి బాబూ, అవతల దింపుతానన్నాను. కాలు బాగైంది, కట్టు విప్పారు, నేను మాత్రం పడవ దిగలేదు. ఆ లోకంలో నన్ను పడవ తాత అనేవాళ్ళు.

తెడ్డు వేస్తూ నోరు కట్టుకుని కూర్చోలేను కదా, కథ చెప్పేవాణ్ణి. నది ఎంత వెడల్పో కథ అంత పొడుగు. ఉదాహరణకి గడియారం సంగతి. నేను ఒక జడ్జిగారి సోఫా విప్పాను. ఆయన తాతలనాటిది, అప్పటిదాకా ఎవరి చెయ్యీ పడలేదు. గుడ్డ తీశాను, పీచు తీశాను, అడుగున స్ప్రింగుల మధ్య ఒక గోడగడియారం. నడుస్తోంది. నా చేతి గడియారంతో పోల్చి చూస్తే తప్పు నాదే. అది రోజూ తాళం తిప్పితేగానీ నడవని రకం. మరి సోఫా లోపల తాళం ఎవరు తిప్పుతున్నట్టు? సరిగ్గా అక్కడికి పడవ అవతలి గట్టుకి తగిలేది. ఒడ్డొచ్చింది, దిగండి అనేవాణ్ణి. ఇనప చొక్కాలు గొణుక్కుంటూ దిగేవి. తాళం ఎవరు తిప్పారో నాకూ తెలియదు. తెలుసుకోవలసిన అవసరం రాలేదు. నది అంతవరకే ఉంది.

వానలు మొదలైన రోజుల్లో కబురొచ్చింది. ఆటకి రెండో భాగం తయారవుతోంది. అది తెరిచిన సాయంత్రమే పాత లోకం మూసేస్తారు. పడవలో ఇంక వేరే మాట లేదు. కొందరికి ఆశలు, కొత్త లోకంలో ముఖాలు కదులుతాయట, ఏడిస్తే కన్నీళ్ళు కనిపిస్తాయట, అడవి పెద్దదట. కొందరికి బెంగలు, ఇన్నాళ్ళు కూడబెట్టుకున్న కత్తులూ డాళ్ళూ అక్కడికి వస్తాయా, పాత స్నేహితులు కొత్త ముఖాలతో దొరుకుతారా. నా బెంగ ఒక్కటే, అక్కడ పడవ ఉంటుందా. కంపెనీవాళ్ళు చూపించిన బొమ్మలో నా నది ఉంది, మునుపటికన్నా బాగా వెడల్పుగా ఉంది, దాని మీద తెల్లటి వంతెన ఒకటి ఉంది. అది చూసిన రోజు నేను భోజనం దగ్గర ఒక్క మాటా మాట్లాడలేదట. ఒంట్లో బాగోలేదేమోనని మా ఆవిడ నుదురు పట్టుకుని చూసింది.

వారం తిరక్కుండా కంపెనీనుంచి నా పేరుమీదే సందేశం. వంతెన వద్దు, పడవ తాత కావాలని ఆడేవాళ్ళు గోల పెట్టారట. మీరు ఒప్పుకుంటే పడవ ఉంచుతాం, దాంట్లో ఒక పడవవాణ్ణి మేమే తయారుచేసి కూర్చోబెడతాం, ఇన్నేళ్ళు మీ పడవలో మాకు వినిపించిన మాటలతోనే వాడు మాట్లాడతాడు, ఎప్పటికీ ఉంటాడు. మనసు మారితే పాత లోకం మూసేలోపు చెప్పండి, వాణ్ణి తీసేసి వంతెన కట్టుకుంటాం. ఇదీ సారాంశం. నేను అక్కడికక్కడే ఒప్పుకున్నానని నొక్కేసి, వీధిలోకి పోయి మంగలి దగ్గర్నుంచి మందుల షాపు దాకా అందరికీ చెప్పుకొచ్చాను. సాయంత్రం అమ్మాయి వచ్చి మొత్తం చదివింది.

"నాన్నా, వాడు పడవవాడైతే మరి నువ్వెవరు?" అంది.

అది నాకు తట్టలేదు. పడవ ఒకటే, దాంట్లో తెడ్డూ ఒకటే. కొత్త లోకంలోకి నేను పోతే ఎక్కేవాడిగానే పోవాలి.

కొత్త ఆట తెరవకముందు కొద్దిమందిని పిలిచి ఆడించి చూస్తారు కదా, నన్నూ పిలిచారు. ఆదివారం మధ్యాహ్నం, బయట ఒకటే వాన. నా ఘనత అందరూ వినాలని హెడ్‌ఫోన్లు తీసేసి స్పీకరు పెట్టించాను. అమ్మాయి నా పక్కన కూర్చుంది. మా ఆవిడ వంటింట్లో ఉంది. నది ఒడ్డుకి వెళ్ళాను. అక్కడా వానే, ఏ చుక్క బయటిదో ఏ చుక్క లోపలిదో తెలియడం లేదు. పడవలో ఒక ముసలాడు కూర్చుని ఉన్నాడు. ముఖం నాది కాదు, ఎవడో గడ్డంవాడు. ఎక్కగానే దగ్గాడు. దగ్గు నాది.

కథ మొదలుపెట్టేముందు వాడు మెడ వెనక గోక్కున్నాడు. కోతలు కోసేముందు నేను చేసే పని అది, ఇంట్లో అందరికీ తెలుసు. మైకుకి మెడ ఎలా కనిపిస్తుందని అమ్మాయిని అడిగాను. బొమ్మ ఏదో చెయ్యాలి కాబట్టి గోక్కుంటుంది నాన్నా, పట్టించుకోకు అంది. సరేనని విన్నాను. జడ్జిగారి సోఫా, పీచు, స్ప్రింగులు, గడియారం. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాడు, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించాడు. చెప్పొద్దూ, నాకన్నా బాగా చెప్పాడు. తాళం ఎవరు తిప్పుతున్నట్టు అన్నాడు. ఒడ్డొచ్చింది, దిగండి అనడానికి నేను నోరు తెరిచాను.

ఒడ్డు రాలేదు. నది వెడల్పు చేశారు కదా, కథ అయిపోయేసరికి పడవ నట్టనడుమ ఉంది. వాడు తెడ్డు వేస్తూనే ఉన్నాడు. కాసేపు వాన చప్పుడు. తర్వాత వాడి దగ్గర్నుంచి కుట్టుమిషను తొక్కుతున్న చప్పుడు వచ్చింది. నది మధ్యలో, చుట్టూ నీళ్ళు తప్ప ఏమీలేని చోట, మిషను ఆగి ఆగి నడిచింది. ఒక తలుపు కిర్రుమంది, అది మా వెనకగది తలుపు. తర్వాత వాడు ఎటూ చూడకుండా, "ఏమే, మంచినీళ్ళు" అన్నాడు.

మా ఆవిడ వంటింట్లోంచి గ్లాసుతో వచ్చింది. ఇదిగో అని నాకు అందించింది. నేను అడగలేదన్నాను. అడిగారుగా ఇప్పుడే అంది. నేనూ అమ్మాయీ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే పాత లోకంలోకి వెళ్ళాను. రాత్రి డ్యూటీ దిగి రోజూ పొద్దున నా పడవెక్కే నర్సమ్మ ఒకతె ఉంది. అటు ఒకసారి, ఇటు ఒకసారి దాటి, అప్పుడు పోయి పడుకుంటుంది. ఆమెని అడిగాను, నేను ఎక్కేవాళ్ళకి కథలు చెప్పానుగానీ మా ఇంటి చప్పుళ్ళు వాళ్ళకి ఎలా దొరికాయమ్మా అని. ఆమె కాసేపు నవ్వింది. విషయం ఏమిటంటే, తెడ్డు కింద పెడితే మైకు కూడా పడుకుంటుందని నేననుకున్నాను. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు, నాకలా అనిపించింది. ఇన్నేళ్ళూ అది తెరిచే ఉంది. మా ఆవిడ చీవాట్లు, నా గురక, సోఫాలో దిగ్గొట్టిన మేకుల చప్పుడు, అన్నీ పడవలో కూర్చున్నవాళ్ళు విన్నారు.

"మరి ఒక్కరైనా చెప్పకూడదా తల్లీ?"

"చెబితే మూసేస్తావు కదా తాతా. వార్డులోంచి వచ్చాక అది వింటేగానీ నాకు నిద్రపట్టదు."

అంతటితో ఆగిందా. గడియారం కథ తాను ఎన్నోసార్లు విన్నానంది. మొదట్లో జడ్జిగారి సోఫా అనేవాడివి, తర్వాత డాక్టరుగారిది, ఒకసారి మరిచిపోయి ఇద్దరూ కలిసి కొనుక్కున్నారన్నావు అంది. మా అందరికీ అది నోటికి వచ్చు తాతా, నువ్వు ఎక్కడ ఊపిరి పీలుస్తావో కూడా తెలుసు అంది. ఇందాక రాసిపెట్టుకోమన్నానే, ఆ ముక్క కొట్టేయండి. నా దగ్గరున్నదంతా పాత సరుకే, గలీబు మార్చి అమ్ముతున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, సోఫాల వ్యాపారం కూడా అంతే.

కానీ ఆ రోజునుంచి నా నోటికి ఏదో అయింది. పని చేసుకుంటూ ఏదైనా మొదలుపెడతానా, సగంలో వాడి గొంతు వినిపించేది. నేను నాది చెబుతున్నానో, వాడు చెప్పింది తిరిగి చెబుతున్నానో తెలిసేది కాదు. భోజనాల దగ్గర ఒక కథ ఎత్తుకున్నాను. అది నిన్న వాడు చెప్పేశాడండీ అంది మా ఆవిడ, మామూలుగానే, కూర వడ్డిస్తూ. అప్పుడు తెలిసింది, మధ్యాహ్నం నేను గిరాకీల ఇళ్ళకి పోయినప్పుడు తను కంప్యూటరు ముందు కూర్చుంటోందని. అమ్మాయి ఎలా ఎక్కాలో నేర్పి పెట్టిందట. తను ఒడిలో గుడ్డ పెట్టుకుని చేత్తో అంచులు కుట్టుకుంటూ పడవలో అటూ ఇటూ తిరుగుతోంది. నా ఎదురుగా కూర్చుని ఒక్క కథ పూర్తిగా విన్న మనిషి కాదు తను.

ఒకరోజు తొందరగా ఇంటికొచ్చాను. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా లోపల్నుంచి నా దగ్గు వినిపించింది. నేను దగ్గలేదు. తర్వాత నా గొంతు ఏదో అంది. దానికి మా ఆవిడ నవ్వింది. నేను నా ఇంటి గుమ్మంలో పరాయివాడిలా నిలబడ్డాను, లోపలికి పోవాలో తలుపు తట్టాలో తెలియలేదు. వాన జల్లు వీపు మీద పడుతోంది. చివరికి గట్టిగా దగ్గాను. లోపల ఇద్దరూ ఊరుకున్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గరే చెప్పేశాను, వాణ్ణి తీసేయమని కంపెనీకి చెబుతాను, వంతెన కట్టుకుంటే కట్టుకోనీ అని. అమ్మాయి మంచిపని అంది. మా ఆవిడ మాత్రం గిన్నెలు సర్దుతూ, తీసేసేముందు ఒక్కసారి మీరూ నేనూ కలిసి ఎక్కుదాం, మీరు ఆ పడవలో చివరిదాకా ఎప్పుడూ కూర్చోలేదు అంది. నిజమే. మంచినీళ్ళ మాట విన్న రోజునుంచి నేను మళ్ళీ అటు పోలేదు.

పాత లోకం మూసే రోజు మధ్యాహ్నం ఎక్కాం. ఒకే కుర్చీ, దాంట్లో తను. నేను విప్పిన సోఫా చట్రం ఒకటి లాక్కుని అంచుమీద కూర్చున్నాను. వాడు దగ్గాడు, మెడ గోక్కున్నాడు, గడియారం కథ చెప్పాడు. తాళం ఎవరు తిప్పుతున్నట్టు అన్నాడు. నది మధ్యకొచ్చాం. మిషను చప్పుడు వచ్చింది, తలుపు కిర్రుమంది, మంచినీళ్ళు అడిగాడు. మా ఆవిడ కదల్లేదు. ఆ తర్వాత ఏం వస్తుందో తనకి తెలుసు, నాకు తెలియదు. అవతలి గట్టు ఇంకా మసకగానే ఉంది. వాడు తెడ్డు నీళ్ళలోంచి పైకెత్తి పట్టుకున్నాడు. నా గొంతే, కానీ నేనెప్పుడూ మాట్లాడనంత మెల్లగా చెప్పాడు.

"ఆ ఇంటి పెద్దావిడే తిప్పేది. పెద్దాయన పోయాక రోజూ సాయంత్రం ఆయన కూర్చునేచోటికి పక్కన కూర్చుని, దిండు సందులో చెయ్యి దూర్చి తిప్పేది. ఆ టిక్కు టిక్కు ఆగిపోతే ఇంట్లో తనొక్కతే ఉన్నట్టు తేలిపోతుందని."

తెడ్డు మళ్ళీ నీళ్ళలో పడింది. ఆ కథ నాది, దానికి ఆ చివర నేను పెట్టలేదు. నేను పుట్టించిన జడ్జిగారింట్లో ఒక పెద్దావిడ ఉన్నట్టు నాకే తెలియదు. వీడెక్కడ తెచ్చాడీ మాట అన్నాను.

"అది నేనన్న మాటే" అంది మా ఆవిడ. "మీరు ప్రతిసారీ ఎవరు తిప్పారు, ఎవరు తిప్పారు అని ఊళ్ళోవాళ్ళని అడిగేవారు. నేను మిషను తొక్కుతూ చెప్పేదాన్ని. మీ చెవుల మీద ఆ డిప్పలు ఉండేవి."

అప్పుడు లెక్క కుదిరింది. నేను వినకపోయినా తెరిచి ఉన్న మైకు విన్నది. ఇన్నేళ్ళూ నా కథకి వెనకగదిలోంచి జవాబు వస్తూనే ఉంది. వాడు నేనొక్కణ్ణే కాదు, సగం తనూ ఉంది వాడిలో. నా సగాన్ని తీసేయమనడానికి నాకు హక్కుంది గానీ, తన సగాన్ని నేనెలా తీసేయిస్తాను? కంపెనీ సందేశం తెర మీద తెరిచే పెట్టుకున్నాను, తీసేయండి అని నొక్కడమే తరువాయి. నొక్కలేదు. పీచు ఎండబెట్టాలని లేచిపోయాను. బయట వాన పడుతోందని గుమ్మం దాకా పోయాక గుర్తొచ్చింది.

సాయంత్రం పాత లోకంలో చివరిసారి తెడ్డు పట్టాను. నర్సమ్మ డ్యూటీకి పోయేముందు వచ్చి కూర్చుంది. కథ వద్దులే తాతా, ఊరికే తీసుకుపో అంది. మైకు తెరిచే ఉంచాను, ఈసారి తెలిసే. వెనకగదిలో మిషను నడుస్తోంది, ఇద్దరం దాన్ని వింటూ పోయాం. నది మధ్యకి వచ్చేసరికి అవతలి గట్టున చెట్లు ఒక్కొక్కటే ఆరిపోవడం మొదలైంది, ఎవరో ఇల్లంతా తిరిగి దీపాలు తీస్తున్నట్టు. తర్వాత నీళ్ళు ఆరాయి. ఉంటాను తాతా అంది నర్సమ్మ, మాట సగంలో తెగింది. ఆ ఒక్కసారే నేను ఒడ్డొచ్చింది అనలేకపోయాను. నల్లటి తెరలో నా ముఖం కనిపించింది. చెయ్యి మెడ వెనక ఉంది.

వానలు వెళ్ళిపోయాయి. ఇప్పుడు మధ్యాహ్నాలు ఇద్దరం కలిసే పడవెక్కుతాం. డిప్పలు తీసి అమ్మాయికిచ్చేశాను. వాడు చెబుతాడు, మా ఆవిడ మధ్యమధ్యలో ఏదో అంటుంది, నేను ఇద్దర్నీ వింటాను. వినడం ఇంత కష్టమైన పని అని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

ఇంకొక్క సంగతి. కాగితంలోంచి నా మెడ మీకు కనిపించదు కాబట్టి నేనే చెప్పేస్తాను. ఇందులో ఒక్క ముక్క కల్పించాను. "అది నేనన్న మాటే" అని మా ఆవిడ నిజానికి అనలేదు. వాడు ఆ పెద్దావిడ సంగతి చెప్పి ఊరుకున్నాక తను చాలాసేపు తెరవంక చూసింది. లేచి వంటింట్లోకి పోయి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, నా ముందు కాదు, తెర ముందు పెట్టింది. అది చూశాక నొక్కడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ మాట నువ్వే అన్నావా అని తర్వాత అడిగాను. నాకు అలాంటివి రావండీ, మీకే వస్తాయి అంది. నాకు రాలేదు. అమ్మాయి కంపెనీవాళ్ళనీ అడిగింది. వాడు మీ మాటల్నే విప్పి మళ్ళీ కుడతాడు, మీ పడవలో వినిపించినవి తప్ప ఒక్క పోగు కూడా మేం బయటినుంచి ఇవ్వలేదని జవాబిచ్చారు. అలా విప్పి కుట్టడం నాకు తెలిసిన పనే. విప్పిన గుడ్డలో లేని రంగు కుట్టినదాంట్లో కనబడదు.

గ్లాసు మాత్రం తను రోజూ పెడుతుంది. సాయంత్రానికి ఖాళీ అవుతుంది. తాగేది నేనే, దాంట్లో అనుమానం పెట్టుకోకండి. మరి వాడికి ఆ మాట ఎవరు చెప్పినట్టు?

ఒడ్డొచ్చింది, దిగండి.